కర్కాటకానికి చాలని ఫిర్కీ

ఆ రోజుల్లో అని మొదలుపెట్టగానే పాఠక మహాశయులు జట్కాబండ్లనూ లాంతరు దీపాలనూ ఊహించుకొని సుఖంగా కాళ్లు చాపుకొంటారని నాకు తెలుసు. క్షమించాలి. నేను చెప్పబోయే ఆ రోజులు మొన్నమొన్నటివి. అయితే వస్తువులకు కూడా మనుషులకు లాగే ఆయుర్దాయాలు వేరువేరు గనుక, ఒక ఆటవస్తువు పుట్టి, పెరిగి, నగరమంతా ఏలి, ఆనవాలు లేకుండా పోయిందంటే దాని మట్టుకు ఒక యుగం గడిచినట్లే. ఆ యుగంలో నేను యువకుణ్ణి. (అరవై దాటినవాడు యువకుడెట్లా అవుతాడని మీరడగవచ్చు. బడిలో తెలుగు పండితుడుగా పదవీ విరమణ చేసి, పంచాంగ శ్రవణమనే కొత్త కొలువులో అప్పుడే కాలు పెట్టినవాణ్ణి. ఆ కొలువులో నాకంటె చిన్నవాడు చుట్టుపక్కల ఏ గుడిలోనూ లేడు. అనుభవ శూన్యతే యౌవనమైతే, నా అంత యువకుడు ఆనాడు పాతనగరంలోనే లేడు.)

ఆ వస్తువును మీలో చాలామంది చూచే ఉంటారు. అరచేతిలో ఇమిడే మూడు రెక్కల బిళ్ల. నడిమి భాగాన్ని బొటనవేలికీ నడిమివేలికీ మధ్య పట్టుకొని ఒక రెక్కను మీటితే, లోపలి బేరింగు మహిమ చేత గిర్రున తిరుగుతుంది. అంతే. అంతకుమించి దానికి వేరే వ్యాపకం లేదు. బొంగరానికి తాడున్నది, పందెమున్నది. గాలిపటానికి ఆకాశమున్నది, కోసేవాడున్నాడు. దీనికి ఏమీ లేదు. తిరగడం, ఆగడం, మళ్లీ తిరగడం. మానవ జీవితాన్ని ఇంత క్రూరంగా అనుకరించిన ఆటవస్తువు మరొకటి పుట్టలేదని నా అభిప్రాయం. దాని పుట్టుక విషయంలో పండితులలో ఏకాభిప్రాయం లేదు. స్థిమితంగా కూర్చోలేని పిల్లల కోసం ఎవరో పుణ్యాత్ముడు చేశాడని కొందరు, ఊరికే కూర్చోలేని పెద్దల కోసం ఎవరో వ్యాపారి చేశాడని కొందరు. చదువుకున్నవాళ్లు స్పిన్నర్ అన్నారు. పత్తర్‌గట్టి రాతి కమానుల కింద గుట్టలు పోసి అమ్మేవాళ్లు ఫిర్కీ అన్నారు. నేను 'భ్రమణి' అని నామకరణం చేశాను గాని, ఆ పేరుతో పిలవడానికి మా ఆవిడ కూడా సమ్మతించలేదు. ఆ వేసవిలో ఆటో నడిపేవాడి వేలి మీదా అదే, కూడలిలో నిలబడ్డ పోలీసు వేలి మీదా అదే, మా వీధి మంగలి ఒక చేత కత్తెర, ఒక చేత అది. నగరం మొత్తం ఎక్కడికీ పోకుండా తిరిగింది.

ఇక నా సంగతి. ఉప్పుగూడలోని మా గుడిలో ఉగాది సాయంకాలం పంచాంగం చదివే పీట మా వంశానిది. తాతగారు చదివారు, నాన్నగారు చదివారు, ఆ తరువాత మా పెద్దన్నగారు చదివారు. కొత్త ఏడాదికి ఏ గ్రహం రాజు, ఏ గ్రహం మంత్రి, వానలెట్లా కురుస్తాయి, పన్నెండు రాశులలో ఏ రాశివారికి ఆదాయమెంత, వ్యయమెంత అన్నది ఆ పూట పీట మీది నుంచి వినబడితేనే మా వైపు వర్తకులు ఆ యేడు కొత్త పని ఏదైనా తలపెడతారు. అన్నగారు కాలం చేసిన తరువాత ఆ పీట నా కిందికి వచ్చింది. పీట వచ్చింది గాని వాక్కు రాలేదు. కారణం వింటే నవ్వుతారు. జీవితమంతా నేను సుద్దముక్క పట్టుకొని మాట్లాడినవాణ్ణి. నా నాలుక కదలడానికి నా వేళ్ల మధ్య ఏదో ఒకటి అరుగుతూ ఉండాలన్న రహస్యం, సుద్దముక్క చేజారిపోయేదాకా నాకే తెలియదు. మొదటి ఉగాది నాడు మైకు ముందు కూర్చొని, "సభకు నమస్కారం" అన్నాను. ఆ తరువాత నా వేళ్లు గాలిలో దేనికోసమో వెతికాయి. నాలుక అంగిట అతుక్కుంది. మేషరాశి దగ్గరే బండి ఆగింది. ముందు వరుసలో కూర్చున్న గుడి సంఘం అధ్యక్షులవారు (పత్తర్‌గట్టిలో బట్టల దుకాణం, గుడికి ఆయన మాటే శాసనం) కొంతసేపు ఓపిక పట్టి, "పంతులుగారికి పానం బాగలేనట్టున్నది, ప్రసాదం పంచుండ్రి" అన్నారు. ఏ అవమానమైనా సహించవచ్చు గాని, పులిహోర చేత పూరింపబడిన మౌనం వంటి అవమానం మరొకటి లేదు.

మర్నాడే మా చిన్నాయన కొడుకు ఇంటికి వచ్చాడు. నాకంటె పదేళ్లు చిన్న. చేతిలో ఎప్పుడూ ఒక టాబ్లెట్. పంచాంగం అందులోనే, తిథి అందులోనే, వాళ్లింటి కిరాణా చీటీ అందులోనే. మేమంతా వాణ్ణి టాబ్లెట్ తమ్ముడని పిలుచుకొనేవాళ్లం.

"అన్నా, నీకెందుకీ పరేషాని? వచ్చే ఉగాదికి నేను సదువుత. నువ్వు పక్కన కూసోని ఆశీర్వాదమియ్యి, చాలు."

"ఒక్క ఏడు తప్పినంత మాత్రాన పీట మారుతుందా, నాయనా?"

"ఒక్క ఏడే అని అధ్యక్షులుగారు గూడ అన్నరు. రెండో యేడు గూడ గిట్లనే అయితే సూస్తమన్నరు."

ఆ 'సూస్తం' నా గుండెలో మేకులా దిగింది. తాతగారి పీట నా చేతుల మీదుగా చేయి మారుతుందన్న ఊహతో నాకు అన్నం సయించలేదు. ఆ ఏడాది నేను పట్టని వస్తువు లేదు. సుద్దముక్కే పట్టుకొంటే సరిపోయేది గదా అంటారేమో. ఆ ప్రయోగమూ చేశాను. ఇంట్లో సుద్దముక్క పట్టుకొని ఎదురుగా మా ఆవిణ్ణి కూర్చోబెట్టుకొని పంచాంగం మొదలుపెట్టగానే నోరు గలగలా పారింది. కాని అలవాటు చొప్పున శ్రోతల వైపు వీపు పెట్టి, కొత్తగా సున్నం వేసిన గోడ మీద ఆనాటి తిథి వార నక్షత్రాలు రాసి కింద గీత కూడా గీశాను. మా ఆవిడ ఆ గోడనూ నన్నూ మార్చిమార్చి చూచి, "గుళ్లె గూడ గిట్లనే దేవుని గోడ మీద రాస్తరా?" అన్నది. రుద్రాక్షమాల పట్టుకొంటే వేళ్లతోపాటు మనసు కూడా జపంలో పడి మాట ఆగింది. తాళంచెవుల గుత్తి పట్టుకొంటే మాట వెంట గుర్రపుబండి గజ్జెల చప్పుడు వచ్చింది.

అటువంటి నిస్పృహలో ఉండగా మా బామ్మర్ది వచ్చాడు. అతనికి పత్తర్‌గట్టి పక్క సందులో గాజులూ రిబ్బన్లూ బొమ్మలూ అమ్మే చిన్న దుకాణం. లోకంలోని సమస్త రోగాలకూ తన దుకాణంలో మందున్నదని అతని నమ్మకం. జేబులోంచి ఆ మూడు రెక్కల వస్తువు తీసి నా వేలి మీద పెట్టి మీటాడు.

"బావా, గిది పట్టు. దిమాగ్ ఠండా అయితది. బయటి దేశంల డాక్టర్లే ఇస్తున్నరంట."

"ఏ డాక్టర్లు?"

"ఏ డాక్టర్లంటె... డాక్టర్లే! మాల్ ఇచ్చిన భాయ్ చెప్పిండు. ఆయనెందుకు అబద్ధం చెప్తడు, నాకు మాల్ అమ్మిండు గద."

ఈ తర్కానికి ఖండన లేదు. నేను వేలి మీది వస్తువును చూచాను. చప్పుడు లేదు, పొడి రాలదు, గోడ మీద రాయదు, దేవుణ్ణి తలపించదు. వేళ్లకు సన్నని కంపం అందుతున్నది, సరిగ్గా సుద్దముక్క నల్లబల్ల మీద పాకేటప్పుడు అందే కంపం వంటిదే. నాకు తెలియకుండానే నోరు విప్పాను. నవనాయకులు, మేఘ ఫలం, సస్య ఫలం ఏకధాటిగా వెలువడ్డాయి. బామ్మర్ది నోరు తెరుచుకొని విన్నాడు. వంటింట్లోంచి మా ఆవిడ గరిటతో సహా వచ్చి నిలబడింది. ఎన్నాళ్లకో నా గొంతు నేను విన్నాను. కళ్లు చెమ్మగిల్లాయి.

"మస్తున్నది గని, ఆఖరుకొచ్చేసరికి గొంతు గట్ల గుంజుతున్నరేంది?" అన్నది మా ఆవిడ.

ఆ ఒక్క ప్రశ్నను నేను ఆనాడు ఆలకించి ఉంటే ఈ వ్యాసం ఉండేది కాదు. ఆడవారి విమర్శను సాహిత్యంలో తప్ప సంసారంలో గౌరవించని దురలవాటు మా తరానిది.

రెండవ ఉగాది వచ్చింది. మండపం నిండింది. మా తమ్ముడు టాబ్లెట్‌ను ఒళ్లో పెట్టుకొని, నేను ఆగిన చోటు నుంచి అందుకోవడానికి సిద్ధంగా, నాకు కనబడేటట్లే కూర్చున్నాడు. నేను కుడిచేతిని శాలువా కింద దాచి, అందులో భ్రమణిని పట్టుకొని, ఎడమచేతిని ఒళ్లో తెరిచి పెట్టిన పంచాంగం మీద ఉంచాను. ఇక్కడ ఒక సాంకేతిక విషయం విన్నవించాలి. ఆ వస్తువు ఒకసారి మీటితే కొంతసేపే తిరుగుతుంది, మళ్లీ మీటాలి. సభ చూస్తుండగా శాలువా కింద చేయి కదిలితే చూచేవారు ఏమనుకొంటారు? కనుక పుట తిప్పేటప్పుడు ఎట్లాగూ ఒళ్లు కదులుతుంది గదా, ఆ కదలిక మాటున మీటవచ్చునని ఉపాయం పన్నాను. మా పంచాంగంలో పుటకు రెండు రాశులు. తెరిచిన రెండు పుటలకూ కలిపి నాలుగు. అంటే ఒక్కొక్క మీటుకు నాలుగు రాశులు. ఎంత శాస్త్రీయమైన ఏర్పాటు! ఇంట్లో సాధన చేసినప్పుడు లెక్క సరిపోయింది కూడా.

మీటాను. మేషం ఉరుము వలె వెలువడింది. వృషభం ఏరు వలె పారింది. మండపంలో తలలూగాయి. మా తమ్ముడు టాబ్లెట్ మూసివేశాడు. మిథునానికి వచ్చేసరికి వేళ్లలోని కంపం కొంత పలచబడింది. గొంతు కూడా కొంత నెమ్మదించింది. అది గాంభీర్యమనుకొన్నాను. తరువాత కర్కాటకం. శాలువా కింద భ్రమణి ఒక రెక్క తరువాత ఒక రెక్కగా, ముసలి ఎద్దు గట్టెక్కినట్లు తిరుగుతున్నది. నా నాలుక దానితోపాటే ఈడుస్తున్నది. "కర్కాటక... రాశి... వారికి..." అన్నాను, శ్మశానం నుంచి వచ్చినవాడు గడపలో నిలబడి అన్నట్లు. "ఆదాయం... పద్నాలుగు..." ఒక నిట్టూర్పు. "వ్యయం... రెండు..." ఆపైన గొంతు పూడుకొనిపోయింది. కళ్లు మూసుకొన్నాను. పుట తిప్పాను, మీటాను, సింహం గర్జించింది!

తుల దాకా సుఖం. వృశ్చికానికి మళ్లీ ఏడుపు. ధనుస్సుకు పెళ్లిమేళం. మీనం చదివేటప్పటికి ఆడవారి వైపు నుంచి ముక్కు చీదిన చప్పుడు వినిపించింది. నేను మాత్రం ఆనందంతో ఉప్పొంగిపోతున్నాను. పన్నెండు రాశులూ ఆగకుండా చదివాను. తాతగారి పీట దక్కింది. కృతజ్ఞతతో తల ఎత్తి అధ్యక్షులవారి వైపు చూచాను. ఆయన ముఖం ఉతికి ఆరేసిన పంచె వలె తెల్లగా ఉన్నది. ఆయనది కర్కాటక రాశి.

(నాదీ కర్కాటకమే. ఆ సంగతి ఆ క్షణంలో నాకు స్ఫురించలేదు. చదివేవాడికి తన రాశి జ్ఞాపకముండదు. వడ్డించేవాడికి తన ఆకలి జ్ఞాపకముండనట్లు.)

అధ్యక్షులవారు లేచి నిలబడ్డారు. "పంతులుగారూ, ఆదాయం పద్నాలుగు, వ్యయం రెండు. గంత మంచిగుంటె మరి ఎందుకు ఏడ్చిండ్రు?"

"నేను ఏడవలేదండీ."

"ఏడ్చిండ్రు. నేను కండ్లార సూసిన. సింహానికి నవ్విండ్రు, మాకు ఏడ్చిండ్రు. పుస్తకంల లేనిదేందో మీకు కనిపిచ్చింది."

నేను సమాధానం చెప్పబోయాను. పుటలు అయిపోయాయి, తిప్పడానికి ఏమీ లేదు, భ్రమణి ఆగిపోయి ఉన్నది. నాలుక అంగిట అతుక్కుంది. నా మౌనాన్ని సభ తన ఇష్టం వచ్చినట్లు అర్థం చేసుకొన్నది. అప్పుడు మా తమ్ముడు, పీట పోయినా వ్యాఖ్యానమైనా దక్కించుకోవాలన్న పట్టుదలతో లేచాడు.

"జర సోంచాయించుండ్రి. అన్న ఏ మూడు రాశులకు కండ్లనీళ్లు పెట్టుకున్నడు? కర్కాటకం, వృశ్చికం, మీనం. మూడు గూడ జలరాశులే! అన్న చూసిండు గని చెప్తలేడు. నీళ్ల గండం!"

శాస్త్రంలో ఆ మూడింటినీ జలరాశులంటారన్నది నిజమే. నాలుగు, ఎనిమిది, పన్నెండు. నా పుటల లెక్కా ఋషుల లెక్కా ఇంత దుర్మార్గంగా ఏకీభవిస్తాయని ఎవడు ఊహించగలడు? ఉప్పుగూడలో నీళ్లంటే ఏమిటో వేరే చెప్పనక్కరలేదు. ఒక్క గట్టి వాన పడితే గల్లీ గల్లీకీ ఒక ఏరు. తెల్లవారేసరికి కింది అంతస్తుల వాళ్లు బియ్యం బస్తాలు మేడ మీదికి మోస్తున్నారు. చైత్రమాసం, నిప్పులు చెరిగే ఎండ, ఆకాశంలో అరచేయంత మబ్బు లేదు. వీధిలో మాత్రం మంచాలూ బీరువాలూ మెట్లెక్కుతున్నాయి. వృశ్చిక రాశి ఆవిడ ఒకరు మా గడపలో కూర్చొని, "అయ్యగారూ, ఎంత మట్టుకొస్తయో చెప్పుండ్రి, మోకాలా నడుమా?" అని అడిగింది. అన్నిటికంటె ఘోరం, అధ్యక్షులవారు సైదాబాద్‌లో తెరవబోయే కొత్త దుకాణాన్ని ఆపివేశారు. గోడలకు రంగులు పడ్డాయి, పేరుపలక వెలసింది, కొడుకు ఆ దుకాణం మీదే ఆశ పెట్టుకొని ఉన్నాడు. తాళం మాత్రం తీయలేదు. దాదాపు భోజనం కూడా మానివేశారని కబురు.

నా నిస్పృహకు అంతులేదు. పీట నిలబెట్టుకోవడానికి పట్టిన వస్తువు నన్ను అపశకున పక్షిని చేసింది. బామ్మర్దిని పిలిపించాను. అతను మొత్తం విని, కొంచెం ఆలోచించి, "బావా, గిది మాల్ తప్పు గాదు. చిన్న బేరింగుది తీసుకున్నవు. పెద్దది తీసుకుంటె అయిదు రాశులొచ్చు" అన్నాడు. మా ఆవిడ అతణ్ణి గరిటతో కొట్టలేదు గాని, గరిటను చాలా గట్టిగా పట్టుకొన్నది. తరువాత నా వైపు తిరిగి, "ఇగ దాచుడెందుకు? ఉన్నది ఉన్నట్టు చెప్పుండ్రి. పీట పోతే పోయింది, ఆ పెద్దమనిషి అన్నం తింటలేడు" అన్నది.

ఆ మాటతో నేను సంఘం ముందు కూర్చొని, శాలువా తీసి, భ్రమణిని అందరి ఎదుటా నేల మీద పెట్టాను. అది నా చేతిలో ఎందుకుందో, నాలుగో రాశికి ఎందుకు అలసిపోతుందో, ఆ అలసట నా గొంతులోకి ఎట్లా పాకిందో సవిస్తరంగా విన్నవించాను. (చెప్పేటప్పుడు వేళ్లు ఖాళీగా ఉన్నాయి గనుక నత్తినత్తిగానే చెప్పాను. అదే సాక్ష్యంగా పనికివచ్చింది.) పీటకు నా వల్ల కలిగిన అప్రతిష్ఠకు చింతిస్తున్నానని, తమ్ముడికి అప్పగిస్తానని ముగించాను. పండితుడు బొమ్మ పట్టుకొని పంచాంగం చదివాడా అని అందరూ ఛీకొడతారని ఎదురు చూచాను. అధ్యక్షులవారు వంగి దాన్ని చేతిలోకి తీసుకొని ఒక రెక్కను మీటి చూచారు. తరువాత ఆయన ముఖంలోకి మెల్లగా రక్తం వచ్చింది.

"అంటె మా కర్కాటకానికి గండం లేదు. ఫిర్కీ సరిపోలేదు. గంతే గద?"

"అంతేనండీ."

"గదే మొదలు చెప్పొచ్చు గద! ఇగ ఫికర్ లేదు. మళ్ల సదువుండ్రి. మా మూడు రాశులకు ఫిర్కీ నిండ తిప్పి సదువుండ్రి."

ఫలమంతా పుస్తకంలో ఉన్నదనీ, ఫిర్కీతో దానికి సంబంధం లేదనీ మళ్లీ మొదటి నుంచి చెప్పాను. వారు తల ఊపారు. అంతా విని, "నిండ తిప్పాలె" అన్నారు. మా తమ్ముడు లేచి, చదివిన పంచాంగాన్ని మళ్లీ చదవడం ఏ శాస్త్రంలోనూ లేదన్నాడు.

"శాస్త్రంల ఫిర్కీ ఉన్నదా తమ్మీ?" అన్నారు అధ్యక్షులవారు.

"లేదు."

"మరి లేనిది తిప్పంగ మేం ఆగమైనం గద. లేనిదే తిప్పి మమ్ముల మంచిగ జెయ్యాలె."

ఆ ఆదివారమే పునఃశ్రవణం. మూడు రాశులవారే వస్తారనుకొంటే పన్నెండు రాశులూ వచ్చాయి. సింహరాశివారు తమకు దక్కింది తగ్గకుండా కాపలాకు వచ్చారట. శాలువా లేదు, దాపరికం లేదు. పీట మీద కూర్చొని చేయి చాచి, భ్రమణిని అందరికీ కనబడేటట్లు వేలి మీద నిలిపి, మీటాను. ఒక చిత్రం జరిగింది. మండపంలోని కళ్లన్నీ ఆ తిరిగే బిళ్ల మీద నిలిచాయి. నా ముఖం చూచేవాడు ఒక్కడు లేడు. నేను మాట్లాడటం మొదలుపెట్టాను. ఎవరూ చూడని మనిషికి భయమేముంటుంది? కర్కాటకానికి ఆదాయం, వ్యయం, రాజపూజ్యం, గురుబలం ఒక్కొక్కటే నిండుగా, తాతగారి ఫణితిలో, నాలో ఉన్నదని నేనెరుగని గొంతుతో వెలువడ్డాయి. కొంతసేపటికి వేళ్లలో కంపం లేదని గమనించాను. భ్రమణి ఆగిపోయింది. నేను ఆగలేదు! చేతిలో చచ్చిన బిళ్ల. నోట బతికిన మాట. ఇన్నేళ్లూ సుద్దముక్క చలవ అనుకొన్నది నాదేనా, ఈ వాక్కు నాదేనా అని లోపల ఒక పసివాడు గంతులు వేస్తున్నాడు. ఆ కొన్ని క్షణాలు చాలు. నా జీవితంలో నేను మాట్లాడింది ఆ కొన్ని క్షణాలే.

"పంతులుగారూ, ఆగుండ్రి ఆగుండ్రి!" అని అధ్యక్షులవారు చేతులెత్తారు.

ఆగాను.

"ఫిర్కీ ఆగిపాయె. ఆగినంక చెప్పింది లెక్కల రాదు. మళ్ల తిప్పుండ్రి."

సభ యావత్తూ ఔనన్నది. వెనుక నుంచి ఎవరో, "గురుబలం కాడ్నుంచి సదవాలె, గాడనే ఆగింది, నేను సూసిన" అని సాక్ష్యం కూడా చెప్పారు. నేను భ్రమణి వైపు చూచాను. అది నా వైపు చూచింది. మా ఇద్దరిలో పంచాంగం చదివేవారెవరో ఆ నాడే తేలిపోయింది. మళ్లీ మీటాను. గురుబలం దగ్గర నుంచి మళ్లీ చదివాను. నేను లేకపోయినా జరిగే పనిని నేను ఎంతో చక్కగా చేశాను.

సైదాబాద్ దుకాణం తెరుచుకొన్నది, బాగానే నడిచింది, ఇప్పటికీ నడుస్తున్నది. వానకాలం వచ్చింది. గల్లీలలో నీళ్లు నిలిచాయి. అవి ఏటా నిలిచేవే; వాటికి రాశులతో పట్టింపు లేదు, మేషరాశివారి ఇళ్లలోకీ సమానంగానే వచ్చాయి. అయినా బియ్యం మేడ మీద ఉన్నవాళ్లు నాకు నమస్కారం పెట్టారు. ఇంతలో నగరంలో ఫిర్కీల యుగం ముగిసింది. ఎట్లా వచ్చాయో అట్లాగే పోయాయి. మా బామ్మర్ది దుకాణంలో మిగిలినవాటి మీద దుమ్ము పేరుకొన్నది. పత్తర్‌గట్టి కాలిబాట మీద వాటి చోటును మరేదో రబ్బరు బుడగల పలక ఆక్రమించింది. లోకమంతా మరిచిపోయిన ఆ వస్తువు ఒక్క మా గుడిలోనే బతికి ఉన్నది. వెండి బరిణెలో పెట్టి, పసుపు కుంకుమలు అద్ది, ఉగాది నాడు మాత్రమే బయటికి తీస్తారు. అర్చకులవారు ప్రతి రాశికీ ఒకసారి మీటుతారు. అది ఆగేలోపల ఫలం పూర్తి కావాలి. కొత్తగా వచ్చిన కోడళ్లకు అత్తలు, ఇది తాతల నాటి నుంచి వస్తున్న ఆచారమని చెబుతుండగా నేను విన్నాను. కాదని చెబుదామని నోరు తెరిచి, చేతిలో ఏమీ లేదని జ్ఞాపకం వచ్చి, మూసుకొన్నాను.

ఇప్పుడు కళ్లు ఆనక పీట తమ్ముడికే అప్పగించాను. వాడు టాబ్లెట్ చూచి చదువుతాడు. గొంతు బాగున్నది, సంగ్రహంగా చెప్పే గుణమే లేదు. ఈ ఉగాదికి నేను స్తంభానికి ఆనుకొని కూర్చొని, వెనుకటి సంగతులు తలచుకొని నాలో నేను నవ్వుకొంటూ ఉన్నాను. చేతిలో సుద్దముక్క లేక గాలిలో వెతికిన ఆ అరవై యేళ్ల కుర్రవాణ్ణి చూస్తే జాలి వేసింది. ఏమి వెర్రి, ఏమి బెంగ! ఒక బేరింగు బిళ్లను చూచి బెదిరిన ఆ మనుషులు ఎంత అమాయకులు అని కూడా అనుకొన్నాను. ఇంతలో కర్కాటకం వచ్చింది. అర్చకులవారు మీటారు. తమ్ముడు గొంతు సవరించుకొని, కర్కాటక రాశి స్వరూప స్వభావాలు మొదలుపెట్టాడు. ఎండ్రకాయ నడక ఎటువంటిదో వివరించాడు. చంద్రుడితో దాని చుట్టరికం చెప్పాడు. బిళ్ల నెమ్మదించింది. వాడు ఇంకా చంద్రుడి దగ్గరే ఉన్నాడు. రెక్కలు విడివిడిగా కనిపించసాగాయి. ఒకటి... తరువాత ఒకటి...

"ముందు ఆదాయం చెప్పరా!"

మండపమంతా వెనుదిరిగి చూచింది. అరిచినవాణ్ణి నేనే. లేచి నిలబడి కూడా ఉన్నాను. తమ్ముడు తడబడి ఆదాయమూ వ్యయమూ ఒక్క ఊపిరిలో చదివివేశాడు. సరిగ్గా అప్పుడే బిళ్ల ఆగింది. ముందు వరుసలోంచి ముసలి అధ్యక్షులవారు నా వైపు తిరిగి, తన ప్రాణం కాపాడినట్లు చేతులు జోడించారు. ఆడవారి వైపు నుంచి మా ఆవిడ, కొంగు నోటికి అడ్డం పెట్టుకొని, భుజాలు కదిలేటట్లు నవ్వుతున్నది. నేను మెల్లగా కూర్చొన్నాను. ఆదాయమెంత చెప్పాడో మాత్రం వినలేదు.